మెట్ల పక్కన గుర్రపుశాల

పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్‌కు మీరు చాలాసార్లు వెళ్లే ఉంటారు. మన పెద్దలు ఎక్కిన మెట్లకు దండం పెట్టుకునే ఉంటారు. ఈసారి వెళ్లినప్పుడు గుర్రపుశాల ఆనవాళ్ల దగ్గర కూడా కాసేపు ఆగండి.

1849లో మొదలైన ఆ వలస డిపోలో ఇప్పుడు మిగిలిన రాతి కట్టడాలు 1860ల నాటివి. ఆసుపత్రి గదులతో పాటు గుర్రపు బళ్లు నిలిపే చోటు, గుర్రాలను కట్టే శాల కూడా అక్కడ ఉండేవి.

గుర్రపుశాల కట్టడం తేలిక కాదు. నేల గట్టిగా ఉండాలి, డెక్క జారకూడదు. మూత్రం నిలవకుండా కాలువ వైపు కొంచెం వాలు ఉండాలి. వేడి గాలి పైనుంచి బయటికి పోవాలి. లేకపోతే అమ్మోనియా గుర్రం ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. వెచ్చదనం కోసం తలుపులు, కిటికీలు బిగించే అలవాటు ఐరోపాలో చాలాకాలం సాగింది. 1860లలో బ్రిటిష్ సైన్యం ఆసుపత్రులకు లాగే గుర్రపుశాలలకూ ఎంత గాలి కావాలో లెక్క కట్టించింది.

లెక్క కాగితం మీద ఉంటే చాలదు. రోజూ లద్దె ఎత్తాలి, నేల కడగాలి, గడ్డి మార్చాలి. అలాంటి పని చేసినవాళ్ల పేర్లు రాళ్ల మీద ఉండవు, ఇళ్లలో చెప్పుకునే మాటల్లోనే ఉంటాయి. మీ తాతల్లో ఎవరైనా దొరల గుర్రాలను చూసుకున్నారేమో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. వాళ్లు చెప్పింది ఈరోజే రాసిపెట్టండి.