ఫరో కుమార్తె ఇచ్చిన జీతము
దత్తత తల్లిదండ్రులు బిడ్డ జన్మదేశమునకు చేసే సహాయముపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

పరదేశపు బిడ్డను దత్తత తీసుకొన్న క్రైస్తవ కుటుంబములలో అనేకులు, ఆ బిడ్డ పుట్టిన దేశమునకు తాము ఏదో రుణపడి ఉన్నామని భావిస్తారు. కొందరు బిడ్డ పెరిగిన అనాథాశ్రమమునకు విరాళము పంపుతారు, కొందరు బడి కట్టిస్తారు, కొందరు తామే వచ్చి సేవ చేస్తారు. ఇది మంచి కోరికే. అయితే ఆ కానుక ఎవరికి చేరాలి? తల్లిని బిడ్డను కలిపి ఉంచడానికా, లేక మరొక బిడ్డను తల్లినుండి వేరుచేయడానికా? మన సంఘములు అనేక బాలల గృహములను నడుపుతున్నాయి గనుక ఈ ప్రశ్న దైవసేవకులకు దూరమైనది కాదు.

1. నిర్గమకాండము 2వ అధ్యాయము: జీతము ఎవరికి?

దత్తతను గూర్చి బోధించేటప్పుడు మనము సాధారణముగా పౌలు పత్రికలతో ఆరంభిస్తాము. దత్తపుత్రత్వమునకు పౌలు వాడిన హుయొథెసియా అనే గ్రీకు పదము క్రొత్త నిబంధనలో ఐదు చోట్ల కనబడుతుంది (రోమా 8:15, 23, 9:4, గలతీ 4:5, ఎఫెసీ 1:5). దేవుని కృపను వివరించడానికి అది అమూల్యమైన పదము. కాని కన్నతల్లి ఇంకా బ్రతికి ఉన్నప్పుడు పెంచే తల్లి ఏమి చేయాలి అనే ప్రశ్నకు మోషే కథ మరింత దగ్గరగా ఉంది.

ఫరో కుమార్తె జమ్ములో దొరికిన శిశువు హెబ్రీయుల బిడ్డ అని గుర్తించింది. బిడ్డ అక్క మధ్యవర్తిగా వచ్చింది. రాజకుమార్తె ఆ బిడ్డను కన్నతల్లి చేతికే అప్పగించి, పాలిచ్చి పెంచినందుకు జీతమిస్తానన్నది (2:9). బిడ్డ పెద్దవాడైన తరువాతనే అతడు ఆమెకు కుమారుడయ్యాడు (2:10). ఈ వరుస గమనింపదగినది. ఆ జీతము బిడ్డకు కట్టిన వెల కాదు. బిడ్డ తల్లి ఒడిలో ఉండడానికి అయ్యే ఖర్చు అది. ఆ సంవత్సరములలోనే మోషే తన జనము ఎవరో తెలుసుకొన్నాడని తలంచవచ్చును. తరువాత అతడు వారితో శ్రమపడుటను కోరుకొన్నాడని హెబ్రీ పత్రిక సాక్ష్యమిస్తున్నది (11:24-26).

ఈ ఉదాహరణకు ఒక హద్దు కూడ ఉంది. బిడ్డను నదిపాలు చేసిన ఆజ్ఞ రాజకుమార్తె ఇంటినుండే వచ్చింది. ఆమె దయ ఒక బిడ్డను రక్షించింది గాని ఆ ఆజ్ఞను రద్దు చేయలేదు. దాతృత్వము న్యాయమునకు బదులు కాజాలదు.

2. "అనాథ" ఎవరు?

పాత నిబంధనలో యాతోమ్ అనే హెబ్రీ పదమును మన తెలుగు బైబిలు అనేక చోట్ల "తండ్రిలేనివాడు" అని అనువదించింది. ఇది సరియైన అనువాదమే. కీర్తన 109:9లోను విలాపవాక్యములు 5:3లోను తండ్రిలేని పిల్లల ప్రక్కనే విధవరాలైన తల్లి కనబడుతుంది. యాకోబు 1:27 కూడ ఈ ఇరువురిని కలిపియే చెప్పింది. అనగా లేఖనములు చూపే అనాథకు అనేకసార్లు తల్లి ఉంది. లేనిది ఆదరణ. బిడ్డను పరామర్శించి తల్లిని విడిచిపెట్టే పరిచర్య ఆ వాక్యములో సగమే నెరవేర్చినట్లగును.

3. కొరియా నేర్పిన పాఠము

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రమునకు చెందిన హ్యారీ హోల్టు, బెర్తా హోల్టు అనే రైతు దంపతులు 1955లో కొరియా యుద్ధమువలన దిక్కులేనివారైన 8 మంది పిల్లలను దత్తత తీసుకొన్నారు. దీనికొరకు అమెరికా కాంగ్రెసు ప్రత్యేక చట్టము చేయవలసివచ్చింది. 1956లో వారు దత్తత కార్యక్రమమును ప్రారంభించారు. వారు అంతటితో ఆగలేదు. ఎవరూ దత్తత తీసుకొనని వికలాంగ బాలల కొరకు సియోలు సమీపమున ఇల్సాన్ అనే చోట గృహము కట్టారు. హ్యారీ 1964లో కొరియాలోనే మరణించగా అక్కడే సమాధి చేశారు. 2000లో మరణించిన బెర్తాను కూడ ఆయన ప్రక్కనే ఉంచారు. నర్సు అయిన వారి కుమార్తె మాలీ తన జీవితమును ఆ పిల్లల మధ్యనే గడిపి 2019లో కన్నుమూసింది. బిడ్డల జన్మదేశమునకు తమ్మును తాము ఇచ్చుకొన్న కుటుంబమిది.

రచయిత్రి పెర్ల్ బక్ మరొక మార్గము చూపింది. చైనాలో మిషనరీల ఇంట పెరిగిన ఆమె తానే అనేకమంది పిల్లలను పెంచుకొన్నది. 1949లో వెల్‌కమ్ హౌస్ అనే దత్తత సంస్థను స్థాపించింది. అయితే ఆసియాలో అమెరికా సైనికులకు పుట్టిన పిల్లలలో అత్యధికులు ఎన్నడు దత్తతకు వెళ్లలేరని గ్రహించి, వారు తమ దేశములోనే చదువుకొని బ్రతుకుటకై 1964లో వేరొక సంస్థను ఆరంభించింది.

కాని కొరియా చరిత్రకు రెండవ ప్రక్క ఉంది. యుద్ధము ముగిసి, దేశము ధనవంతమైన తరువాత కూడ పిల్లలు వెళ్తూనే ఉన్నారు. 1980 దశాబ్ది మధ్యలో ఏటా 8,000 మందికి పైగా పంపబడ్డారు. వారిలో అనేకులు పెండ్లికాని తల్లుల బిడ్డలు. 2025 మార్చిలో దక్షిణ కొరియా సత్యాన్వేషణ సంఘము 56 మంది ఫిర్యాదుదారుల విషయములో ప్రభుత్వము మానవ హక్కులను ఉల్లంఘించిందని నిర్ధారించింది. తల్లిదండ్రులున్న బిడ్డలను అనాథలుగా నమోదు చేయుట, గుర్తింపు పత్రములను మార్చుట వంటివి బయటపడ్డాయి. పెంపుడు తల్లిదండ్రులు రుసుముతోబాటు ఇచ్చిన విరాళములు మరికొందరు పిల్లలను సమకూర్చుకొనుటకు వాడబడిన సంగతిని కూడ ఆ సంఘము ఎత్తిచూపింది. ఇచ్చినవారు మంచి మనస్సుతోనే ఇచ్చియుండవచ్చు. అయినను ఆ ధనము మరొక తల్లి ఒడిని ఖాళీ చేయుటకు తోడ్పడింది.

4. మన నేల సంగతి

ఇది కొరియాకు మాత్రమే చెందినది కాదు. 1999 - 2001 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో లంబాడా తండాల ఆడశిశువులను అతి తక్కువ సొమ్ముకు సేకరించి దత్తతకు పంపిన వైనము వెలుగులోనికి వచ్చింది. అప్పటి ప్రభుత్వము తల్లిదండ్రులు వదులుకొన్న శిశువులను దత్తతకిచ్చే పద్ధతిని 2001లో నిలిపివేసింది. 1993 నాటి హేగ్ ఒడంబడికను భారతదేశము 2003లో ఆమోదించింది. దాని ప్రకారము తల్లి సమ్మతిని ధనముతో కొనరాదు. బిడ్డకు స్వదేశములో తగిన కుటుంబము దొరకునేమో ముందుగా చూడాలి.

2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులకు పునరాలోచనకు 2 నెలల గడువున్నది. ఈ చట్టము క్రింద క్రైస్తవులు కూడ సంపూర్ణ హక్కులతో దత్తత తీసుకొనవచ్చును. పూర్వము వారికి 1890 నాటి చట్టము క్రింద సంరక్షకత్వము మాత్రమే లభించేది. చట్టబద్ధము కాని మార్గములో బిడ్డను చేతులు మార్చుట శిక్షార్హము.

5. కాపరులకు అన్వయము

మొదటిది, విదేశీ కుటుంబము కానుకతో వచ్చినప్పుడు దానిని పిల్లల సంఖ్యకు ముడిపెట్టవద్దు. గృహములో పడకలు పెరిగేకొలది విరాళము పెరిగితే, పడకలను నింపే ఒత్తిడి కూడ పెరుగుతుంది. ఒంటరి తల్లికి కుట్టుమిషను, బిడ్డకు బడి ఫీజు, వికలాంగ శిశువుకు చికిత్స వంటివి యోకెబెదుకు అందిన జీతమువంటివి.

రెండవది, పేద తల్లి బిడ్డను తీసుకొని పాస్టరుగారి గుమ్మము తొక్కినప్పుడు, ఎరిగిన సంతానహీన దంపతులకు నేరుగా ఇప్పించుట దయగా కనబడవచ్చును గాని అది తప్పు. ముందు ఆ తల్లి అవసరమేమిటో అడగండి. తప్పనిసరియైతే 1098కి ఫోను చేసి, జిల్లా బాలల సంక్షేమ సమితి ఎదుటికి ఆమెతో కలిసి వెళ్లండి.

మూడవది, మన గృహములలోని పాత రిజిస్టర్లను భద్రపరచండి. దత్తతకు వెళ్లిన బిడ్డ పెద్దవాడై తన ఊరు, తన తల్లి పేరు అడిగిన దినమున, సత్యమైన ఒక పుట ఏ భవనముకంటెను గొప్ప కానుక.

నాలుగవది, దత్తబిడ్డనుండి కృతజ్ఞతను వసూలు చేయరాదు. రుణము పెద్దలది, బిడ్డది కాదు.

ముగింపు

దేవుడు మనలను దత్తత తీసుకొన్నప్పుడు ఏ తల్లి ఒడి ఖాళీ కాలేదు. ఆయన చెల్లించినది తన స్వంతము. మానవుల దత్తత అట్టిది కాదు. ప్రతి దత్తత వెనుక ఒకరి నష్టమున్నది. ఆ నష్టమును ఎరిగి ఇచ్చే కానుక మొదట కన్నతల్లిని వెదుకుతుంది. ఫరో కుమార్తె చేసిన ఆ ఒక్క పనిని మన సంఘములు నేర్చుకొంటే, దత్తతకు వెళ్లవలసిన పిల్లల సంఖ్యయే తగ్గవచ్చు. అట్టి తగ్గుదలను పరిచర్య వైఫల్యముగా ఎంచక, దాని ఫలముగా ఎంచుదము.