మలుపునందు టైరు చేయు చప్పుడు

సాయంకాలవేళ అపార్టుమెంటు క్రింది సెల్లారునందు కొంతసేపు నిలిచినచో నొక చిత్రమైన ధ్వని చెవినబడును. కారు మనుష్యుని నడకకంటె నెక్కువ వేగము లేకయే వచ్చుచుండును. స్తంభము కడ స్టీరింగును తుదివరకు త్రిప్పగానే టైర్లు కీచుమని కూయును. వడిగా పోవు కారు బ్రేకు వేసినపుడు అరచుట సహజమే. ఇంత మెల్లగా కదలుదాని కీ యరపేల? పాఠికలలో కారు నడపువా రిపుడు పెక్కురు గనుక దీనిని విచారించుట యుక్తము.

మా యెదురింటి సోదరి నలువదియవ యేట కారు నడప నేర్చి, వారమునకు రెండుమారులు అత్తగారిని ఆసుపత్రికి తానే తీసికొనిపోవుచుండెను. ఈ కూత విని భయపడి యొక మెకానిక్కు నడుగగా, అతడు కారు నెక్కి చూడకయే ముందు చక్రముల సామానంతయు మార్చవలెనని పెద్ద లెక్క వ్రాసి యిచ్చెను. ఇంట నడుగగా “నీకు త్రిప్పుట రాక” యనిరి. ఆమె కారు మానివైచెను. ముసలామె మరల ఆటోల కొరకు ఎండలో నిలువవలసి వచ్చెను. రెండు మాటలును సత్యము కావు.

రథోత్సవము చూచినవారి కీ మర్మము సులభముగ బోధపడును. రథము యొక్క ఇరుసులు స్థిరములు. చక్రములు ప్రక్కకు తిరుగవు. వీధిమూల వచ్చినపుడు చక్రముల క్రింద కొయ్యమొద్దు లుంచి, మోకులు ప్రక్కకు లాగి, ఆ మహాకాయమును కొంచెము కొంచెముగ నీడ్చి మలుపుదురు. అపుడు చక్రము కేవలము దొర్లదు, నేలను రాచుకొనును. ఆ కిరకిర వీధి చివరకు వినబడును. రెండుచక్రముల యెద్దుబండి కీ కష్టము లేదు. దాని చక్రములు ఇరుసుపై దేనికది తిరుగును.

కారునకు నాలుగు చక్రములు. ముందు వెనుక చక్రముల నడుమ 2.4 మీటర్లును, ఎడమ కుడి చక్రముల నడుమ 1.4 మీటర్లును గల చిన్న కారు ననుకొందము. బయటి ముందుచక్రము 4.8 మీటర్ల వ్యాసార్ధముతో గుండ్రముగ తిరిగినచో, ఒక చుట్టునకు అది 30 మీటర్లు పోవును. లోపలి వెనుకచక్రము 17 మీటర్లే పోవును. ముందు చక్రములు రెండును సమముగ తిరిగినను చాలదు. బయటిది 30 డిగ్రీలు తిరిగినపుడు లోపలిది 41 డిగ్రీలు తిరిగిననే రెండును తమ తమ వృత్తములపై రాపిడిలేక దొర్లును.

ఈ యుపాయమును గుఱ్ఱపుబండ్ల కొరకు కల్పించినవాడు మ్యూనిక్ నగరపు బండ్ల నిర్మాత జార్జి లాంకెన్స్‌పెర్గర్. లండనులో బొమ్మల పుస్తకములు ప్రకటించు రుడాల్ఫ్ ఆకెర్మన్ అతని పక్షమున 1818లో పేటెంటు పొందెను. శ్రమ యొకరిది, పేరింకొకరిది! నేటికిని దానిని ఆకెర్మన్ పద్ధతి యనియే చెప్పుదురు.

అయితే కారు నిర్మాతలు ఈ లెక్కను పూర్తిగ పాటింపరు. వేగముగ పోవునపుడు టైరునకు కావలసిన కోణములు వేరు, చక్రము తిరుగుటకు లోపల నున్న చోటును కొంచెమే. కావున స్టీరింగు తుదకు వచ్చినపుడు ఒక చక్రమైనను తన వృత్తమునకు కొంత ఓరగా నుండును. అదియునుగాక టైరు నేలను తాకుచోటు జానెడు వెడల్పైన రబ్బరు. మలుపులో దాని లోపలి యంచు తక్కువ దూరమును, వెలుపలి యంచు ఎక్కువ దూరమును పోవలెను. ఒకే రబ్బరు రెండు దూరములు పోజాలక కొంత జారితీరును.

ఆ జారుట ఒక్క పెట్టున జరుగదు. రబ్బరు నేలనంటి పట్టుకొనును, సాగును, పట్టు వదలి జారును, మరల పట్టుకొనును. ఇట్లు సెకనునకు నూర్లమారులు. నల్లబల్లపై సుద్దముక్క కీచుమనుటయు నిట్టిదే. ఫిడేలు కమాను తీగపై చేయు పనియు నిదే, కాని అచ్చట మనము సంగీత మందుము. తారురోడ్డు గరుకుగా నుండుటచే నీ యదురు చెదరిపోవును. సెల్లారు నున్నని సిమెంటుపైనను, రంగు పూసిన నేలపైనను ఏకధాటిగ సాగును, గోడలు ప్రతిధ్వని నిచ్చును. నేల తడిసినపుడు కూత యుండదు. చలిదేశములలో నున్న మనవారి కార్లలో వేసవి టైర్లు గట్టిపడి, కూతకు బదులు దబదబ గంతులు వేయుటయు కలదు. ఎదురింటి సోదరి కారును బయటి తారురోడ్డుపై నట్లే త్రిప్పి చూడుమంటిని, చప్పుడు లేదు. మరునాడే అత్తగారు ముందుసీటులో కూర్చుండిరి.

ఇక నుపేక్షింపరాని చప్పుళ్లు కలవు. పూర్తిగ త్రిప్పి వేగ మందించునపుడు టక్ టక్ మని లెక్కగా, వేగముతోకూడ హెచ్చుచు వినబడినచో, ముందుచక్రమునకు శక్తి నందించు సి.వి. జాయింటు అరిగినదని యనుమానింపవలెను. దాని రబ్బరు తొడుగు చినిగినపుడు గ్రీజు కారి, చక్రము లోపలివైపున నల్లగా చిందియుండును. అప్పుడే చూచినచో తొడుగు మార్చిన చాలును. ఆలస్యమైనచో జాయింటు విరిగి కారు నడివీధిలో నిలిచిపోవచ్చును. పెద్ద టైర్లు వేయించిన పిమ్మట బరబర మనినచో టైరు లోపలి మడ్గార్డు నొరయుచున్నది. నూనెతో పనిచేయు పవర్ స్టీరింగు తుదిని పట్టియుంచినపుడు మూలుగుట దోషము కాదు గాని, అట్లే యుంచినచో నూనె వేడెక్కును. కొంచెము వదలుట మేలు.

కూత మునుపటికంటె హెచ్చినచో ముందు గాలి చూపింపుడు. పిదప టైరు రెండంచులను వ్రేళ్లతో తడవుడు. ఒక యంచు మాత్రమే అరిగియున్న వీల్ అలైన్‌మెంటు చేయింపవలెను. కారు కదలక నిలిచియున్నపుడు స్టీరింగు త్రిప్పిన రబ్బరంతయు నొక్కచోటనే నలుగును గనుక, కొంచెము కదలించుచు త్రిప్పుడు. మెకానిక్కు కడకు పోవునపుడు అతనిని ప్రక్క సీటులో కూర్చుండబెట్టి, మొదట సెల్లారులోను, పిదప రోడ్డుపైనను త్రిప్పి వినిపించి, ఆ తరువాతనే లెక్క వ్రాయుమనుడు.