ఆపత్కాలంలో నీరు – పారిశుద్ధ్యం

ఆపద అనగానే మనకు తుఫాను, వరద, భూకంపం గుర్తుకు వస్తాయి. అవి హఠాత్తుగా వచ్చి జనజీవనాన్ని అతలాకుతలం చేస్తాయి. కరవు అలా రాదు. అడుగుల చప్పుడు వినిపించకుండా వస్తుంది. మొదట చెరువు అడుగంటుతుంది. తరువాత బావి ఎండుతుంది. ఆపైన బోరు వట్టిపోతుంది. చివరకు ఊరంతా ట్యాంకరు కోసం ఎదురుచూస్తుంది. కనుక కరవు కూడా ఆపదే.

సోమందేపల్లె ఇటువంటి కరవు పీఠభూమిలోని మండల కేంద్రం. పెనుకొండకు సమీపంలో ఉన్న ఈ ఊరు 2022 వరకు అనంతపురం జిల్లాలో ఉండేది; నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. పూర్వపు అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరుతి ఋతుపవనాలను పడమటి కనుమలు అడ్డగిస్తాయి. ఈశాన్య ఋతుపవనాలు తీరం దాటి ఇంత దూరం వచ్చేసరికి బలహీనపడతాయి. నేల అడుగున ఉన్నది గట్టి రాయి. దాని పగుళ్లలో నిలిచిన నీరే బోరుకు ఆధారం.

లోతుల నుండి తోడిన నీటిలో పలుచోట్ల ఫ్లోరైడ్ అధికంగా ఉంటుంది. లీటరు తాగునీటిలో అది 1 మిల్లీగ్రామును మించరాదని, వేరే ఆధారం లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం నిర్దేశిస్తున్నది. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు వంగిపోతాయి. ఈ దుస్థితిని తొలగించడానికే 1995లో శ్రీ సత్యసాయి తాగునీటి పథకం ప్రారంభమై, జిల్లాలోని 700కు పైగా గ్రామాలకు నీటిని చేర్చింది.

అయితే నీరు ఊరికి చేరినంత మాత్రాన ప్రతి మనిషికీ చేరినట్లు కాదు. ట్యాంకరు వేళకాని వేళ వస్తే, బలం కలవారి బిందెలు ముందు నిండుతాయి. వృద్ధురాలు వెనుకబడుతుంది. గర్భిణి బరువు మోయలేదు. చూపులేని వానికి కుళాయి ఎక్కడున్నదో తెలియదు. కూలికి పోయిన తల్లి తిరిగి వచ్చేసరికి నీరు అయిపోతుంది. వాడచివరి ఇళ్లవారికి ఒకప్పుడు కులం పేరిట బావి గట్టు ఎక్కే అనుమతి కూడా ఉండేది కాదు. అందుకే బావులు, చెరువులు, స్నానఘట్టాల వాడకంలో ఎవరిపైనా వివక్ష చూపరాదని మన రాజ్యాంగం 15వ అధికరణంలో ప్రత్యేకంగా శాసించింది.

విపత్తులలో సహాయం అందించే సంస్థలు అంతర్జాతీయంగా ‘స్ఫియర్’ అనే కనీస ప్రమాణాలను పాటిస్తున్నాయి. వాటి ప్రకారం మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు అందాలి. నీటి వనరు ఇంటికి 500 మీటర్లకు మించి దూరం ఉండరాదు. వరుసలో నిలబడే సమయం 30 నిమిషాలు దాటరాదు. సగటున 250 మందికి ఒక కుళాయి ఉండాలి. ఈ అంకెలు కేవలం లెక్కలు కావు. దూరం తగ్గితే ఒంటరిగా వెళ్లే బాలికకు భయం తగ్గుతుంది. నిరీక్షణ తగ్గితే ఆమెకు బడి దక్కుతుంది.

పారిశుద్ధ్యం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు, 2009 అక్టోబరులో కర్నూలు నగరాన్ని వరద చుట్టుముట్టినప్పుడు వేలాది కుటుంబాలు ఇల్లు వాకిళ్లను కోల్పోయాయి. అటువంటి సమయంలో తలదాచుకునే శిబిరంలో మరుగుదొడ్డి చీకటిలో ఉన్నా, తలుపుకు లోపల గొళ్లెం లేకున్నా, స్త్రీలు రాత్రివేళ అక్కడికి వెళ్లడానికి భయపడతారు. వెళ్లవలసి వస్తుందేమోనని నీళ్లు తాగడమే మానుకుంటారు. ఆ విధంగా నీరు ఉండి కూడా దాహం తీరదు, అనారోగ్యం తోడవుతుంది. కనుక స్త్రీలకు, పురుషులకు వేరువేరుగా, వెలుతురు ఉన్న చోట, లోపలి నుండి గడియ వేసుకొనే వీలుతో మరుగుదొడ్లు నిర్మించాలి. వికలాంగుల కొరకు మెట్లకు బదులు వాలుబాట, పట్టుకొనడానికి కమ్మీ ఏర్పరచాలి. ఋతుసమయంలో అవసరమైన నీరు, మరుగు, వ్యర్థాలు వేసే పాత్ర కూడా సదుపాయాలలో భాగమే.

ఇవి దయతో చేసే పనులు కావు. సహాయ శిబిరాలలో తాగునీరు, పారిశుద్ధ్యాలకు కనీస ప్రమాణాలు నిర్ణయించాలని 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ఆదేశించింది. ఆపదలలో వికలాంగులకు ఇతరులతో సమానమైన రక్షణ కల్పించాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం స్పష్టం చేసింది.

చట్టం అమలు కావాలంటే ఊరు మేలుకోవాలి. ట్యాంకరు వచ్చే వేళను ముందుగా చాటించాలి. నడవలేని వారి ఇళ్లను గుర్తించి, నీటిని గడప వద్దకే చేర్చాలి. నీటిలో క్లోరిన్ తగినంత ఉన్నదో లేదో పరీక్షించాలి. కుళాయి ఎక్కడ ఉండాలో, మరుగుదొడ్డి ఎటువైపు ఉండాలో నిర్ణయించే ముందు వాటిని వాడే స్త్రీలను, వృద్ధులను అడగాలి. విద్యార్థులు తమ వీధిలో ఇటువంటి వారి వివరాలు సేకరించి గ్రామ పంచాయతీకి అందిస్తే అది గొప్ప సేవ అవుతుంది.

ఎన్ని ట్యాంకర్లు వచ్చాయన్నది ఊరి నీటి భద్రతకు కొలమానం కాదు. వరుసలో చివర నిలిచిన బలహీనుని బిందె నిండినదా, అతడు నిర్భయంగా ఇల్లు చేరినాడా అన్నదే అసలైన కొలమానం.