సున్నపు రేణువు – బొగ్గుపులుసు వాయువు

నల్లగొండ జిల్లా దామరచర్ల మండలంలో, వాడపల్లి వద్ద మూసీ నది కృష్ణలో కలుస్తున్నది. ఈ ప్రాంతంలో సున్నపురాయి విస్తారంగా లభిస్తుంది. ఆ రాయిని ఆధారం చేసుకొని ఇక్కడ సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. ఇదే మండలంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పారు. అందులో విద్యుదుత్పత్తి 2024లో ఆరంభమయింది. సిమెంటు బట్టీ, బొగ్గు బాయిలరు – ఈ రెండింటి పొగలోనూ కార్బన్ డై ఆక్సైడు, అనగా బొగ్గుపులుసు వాయువు ఉంటుంది. భూగోళం వేడెక్కడానికి ముఖ్య కారణం ఈ వాయువే. దీనిని పొగగొట్టం దాటకముందే పట్టి ఉంచగల పదార్థం ఏదైనా ఉన్నదా? ఉన్నది. అది ఆ నేలలోని సున్నపురాయి నుండే వస్తుంది.

గోడకు వేసిన తడి సున్నం కొన్నాళ్లకు గట్టిపడుతుందని అందరికీ తెలుసు. అది కేవలం నీరు ఆరిపోవడం కాదు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా గ్రహించి, తిరిగి సున్నపురాయిగా మారుతున్నది. సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే అది పాలవలె తెల్లబడటానికి కారణం కూడా ఇదే. బట్టీలో దీనికి విరుద్ధమైన మార్పు జరుగుతుంది. సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో 100 కిలోల శుద్ధమైన సున్నపురాయి నుండి 44 కిలోల వాయువు వెలువడి, 56 కిలోల కాల్చిన సున్నం మిగులుతుంది. ఆ సున్నం తిరిగి 44 కిలోల వాయువును పట్టుకోగలదు.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక ప్రశ్న వేస్తాడు: కాల్చినప్పుడు వదిలినదానినే మళ్లీ పట్టుకుంటే లాభమేమిటి? నిజమే, ఒక్కసారి వాడితే లాభం లేదు. పైగా కాల్చిన ఇంధనం దండుగ. లాభం కలగాలంటే రెండు నియమాలు పాటించాలి. మొదటిది, సున్నాన్ని మూసిన గదిలో కాల్చి, వెలువడిన వాయువును బయటికి పోనీయక పోగుచేయాలి. రెండవది, అదే రేణువును మళ్లీ మళ్లీ పనిలోకి దింపాలి.

ఇందుకు రెండు గదులు అవసరం. మొదటి గదిలోకి బొగ్గు పొగ వస్తుంది. అందులో బొగ్గుపులుసు వాయువు నూటికి 12 నుండి 15 పాళ్లు మాత్రమే. మిగిలినదానిలో అధిక భాగం నత్రజని. సుమారు 650 డిగ్రీల వద్ద సున్నపు రేణువులు బొగ్గుపులుసు వాయువును పట్టుకుంటాయి. తరువాత అవి రెండవ గదికి పోయి, 900 డిగ్రీల వేడిలో దానిని వదిలి, మళ్లీ మొదటి గదికి చేరుతాయి. రెండవ గదిలో ఇంధనాన్ని గాలితో గాక ఆక్సిజన్‌తో మండిస్తారు. అందువల్ల అక్కడ పోగయ్యే వాయువులో నత్రజని కలవదు. దానిని అదిమి, భూమి లోతులలోని రాతిపొరలలో నిలువచేయవచ్చును.

రేణువు మోటబొక్కెన వంటిది: దిగుతుంది, నిండుతుంది, పైకి వచ్చి ఖాళీ అవుతుంది. కాని ఈ బొక్కెన ప్రతిసారీ కొంత చిన్నదవుతూ ఉంటుంది. అసలు చిక్కు ఇదే. మామూలు సున్నం ఇరవై సార్లు తిరిగేసరికి దాని శక్తి సుమారు ఐదోవంతుకు పడిపోతుంది. వందల సార్లు తిరిగితే పదోవంతుకన్న తక్కువే మిగులుతుంది.

దీనికి కారణాలు రెండు. సున్నం వాయువును గ్రహించి రాయిగా మారినప్పుడు, అది ఆక్రమించే చోటు రెండింతలకు పైగా పెరుగుతుంది. రేణువులోని సన్నని రంధ్రాలు పూడిపోతాయి. సుమారు 50 నానోమీటర్ల పెచ్చు, అనగా మిల్లీమీటరులో ఇరవైవేలవ వంతు మందం, కట్టగానే వాయువు లోపలికి చొరబడటం దాదాపు ఆగిపోతుంది. ఇక రెండవ కారణం వేడి. వానాకాలంలో బెల్లపు పొడి ముద్దకట్టినట్లు, అధిక ఉష్ణోగ్రతలో పక్కపక్కనున్న సూక్ష్మకణాలు అతుక్కుపోతాయి.

అందుచేత శాస్త్రజ్ఞులు రేణువు నిర్మాణంపై దృష్టి నిలిపారు. ఒక సెంటీమీటరు ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దానినే మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే 60 అవుతుంది. ఎంత సన్నగా చేస్తే వాయువుకు అంత చోటు దొరుకుతుంది. కాని మరీ సన్నని పొడి పొగతోపాటు ఎగిరిపోతుంది. కనుక సన్నని పొడిని మిల్లీమీటరుకు లోపు గుళికలుగా కట్టి, లోపల రంధ్రాలు ఉండేటట్లు చూస్తారు. కణాలు అతుక్కోకుండా మెగ్నీషియం ఆక్సైడు వంటి, ఆ వేడికి చెదరని పదార్థాన్ని నడుమ కలుపుతారు. డోలమైటు రాతిలో కాల్షియం, మెగ్నీషియం రెండూ సహజంగానే ఉన్నాయి. అయితే అడ్డుగా కలిపిన పదార్థం వాయువును పట్టదు. అది ఎక్కువైతే గుళిక బరువే మిగులుతుంది. ఎంత కలపాలన్నదే నేర్పు.

ఈ పద్ధతిని స్పెయిన్‌లోని లా పెరెడా బొగ్గు విద్యుత్ కేంద్రంలో 1.7 మెగావాట్ల ప్రయోగశాలగా 2012లో నడిపారు. మరుసటి ఏడు తైవాన్‌లో ఒక సిమెంటు కర్మాగారం వద్ద 1.9 మెగావాట్ల స్థాయిలో పరీక్షించారు. రెండూ చిన్నవే. రెండవ గదికి కావలసిన వేడి చాలా ఎక్కువ. అందులో కొంత మొదటి గదిలో తిరిగి వెలువడుతుంది గనుక దానితో ఆవిరి పుట్టించవచ్చు. బొగ్గులోని గంధకం, బూడిద కూడా రేణువును పాడుచేస్తాయి.

అలసిన రేణువును ఏమి చేయాలి? దామరచర్ల వంటి చోట జవాబు పక్కనే ఉన్నది. అది సిమెంటుకు ముడిసరుకు. అప్పటికే కాలిన సున్నం గనుక, సిమెంటు బట్టీ రాతి నుండి ఆ మేరకు కొత్త వాయువు వెలువడదు. బొగ్గు, సున్నపురాయి, సిమెంటు ఒకే మండలంలో కలిసిన చోట, ఒకరు పారవేసేది మరొకరికి ముడిసరుకు కాగలదు. అయితే ఆ రేణువు ఎన్నిసార్లు ఓర్చుకోగలదన్నదానిపైనే ఇదంతా ఆధారపడి ఉన్నది.