రేడియో, కంప్యూటర్ ఏం మాట్లాడుకుంటాయి?



1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. మన కోనసీమలో కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. అప్పటికి నేను పుట్టలేదు. మా నాయనమ్మ మాత్రం ఇప్పటికీ అంటుంది: "గాలి కన్నా, ఎవరు బతికున్నారో కబురు తెలియకపోవడమే ఎక్కువ భయంరా."

ఫోను టవర్లు పడిపోయినా బ్యాటరీ మీద పనిచేసేది హామ్ రేడియో. పీజీలో చేరాక లైసెన్సు ఉన్న ఒక సీనియర్ తన చేతి రేడియో, బావోఫెంగ్ యూవీ-5ఆర్, నాకు చూపించారు. దానిలో 128 ఛానెళ్ళు ఉంటాయి. వాటిని కంప్యూటర్‌తో, ప్రోగ్రామింగ్ కేబుల్ ద్వారా నింపవచ్చు. చిక్కేమిటంటే, కంపెనీ సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది. నా సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లో ఉన్నది లినక్సు. రేడియోకి ఏ బైట్లు పంపుతున్నదీ కంపెనీ పుస్తకంలో రాయలేదు.

దీనికి మార్గం వర్చువల్ మెషిన్. అంటే కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్. వర్చువల్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, దానిలో విండోస్‌ను, అందులో రేడియో సాఫ్ట్‌వేర్‌ను పెడతాం. కేబుల్‌ను ఆ లోపలి విండోస్‌కు అప్పగిస్తాం. మన హాస్టల్ గదిలోకి ఏది వెళ్ళినా గేటు దాటే కదా వెళ్ళాలి! అలాగే లోపలి విండోస్‌కూ రేడియోకూ మధ్య నడిచే ప్రతి బైటూ బయటి లినక్సు గుండానే పోతుంది. అక్కడ యూఎస్‌బీమాన్ అనే కెర్నెల్ మాడ్యూల్, వైర్‌షార్క్ అనే ప్రోగ్రామ్ కలిసి వాచ్‌మన్ రిజిస్టర్‌లా అన్నీ రాసుకుంటాయి.

ఆ రిజిస్టర్‌లో నేను చూసింది ఇది. ముందు కంప్యూటర్ ఏడు బైట్ల సంకేతం పంపింది. రేడియో "06" అని జవాబిచ్చింది, అంటే "సరే" అని. తరువాత కంప్యూటర్ ఒక్కో అడ్రసు చెప్పి 64 బైట్ల చొప్పున అడిగింది. రేడియో ఇస్తూ పోయింది.

అర్థం తెలుసుకోవడానికి ఒకటే సూత్రం: ఒకసారికి ఒక్కటే మార్చాలి. మొదటి ఛానెల్‌లో 145.000 మెగాహెర్ట్‌జ్ పెట్టి రాస్తే 00 00 50 14 కనిపించింది. 145.500 పెడితే 00 00 55 14 అయింది. వెనుక నుంచి చదవండి: 14 55 00 00. అంటే ఫ్రీక్వెన్సీని రెండేసి అంకెలుగా తిరగేసి దాస్తోంది. అది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరోసారి కూడా నిద్ర పట్టలేదు, కానీ భయంతో. తెలిసిపోయిందన్న ధీమాతో ఒక బైటు నేనే మార్చి రాశాను. ఛానెళ్ళన్నీ తారుమారయ్యాయి. రేడియో నాది కాదు, కొని ఇచ్చే స్తోమత లేదు. మొదటి రోజు చదివి దాచిన ఫైలును తెల్లవారి తిరిగి రాస్తే బతికింది. అందుకే ముందు చదవండి, రెండు చోట్ల దాచండి, ఆ తరువాతే రాయండి.

చిర్ప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చాలా రేడియోలకు ఇప్పటికే దారి ఉంది. ప్రపంచం నలుమూలల ఔత్సాహికులు ఇలా ఓపికగా బైట్లు చదివే దాన్ని పెంచారు. ఒక హెచ్చరిక: లైసెన్సు లేకుండా మాట్లాడే బటన్ నొక్కకూడదు, అది నేరం. కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం పెట్టే పరీక్ష 12 ఏళ్ళు నిండినవారు ఎవరైనా రాయవచ్చు.

తమ్ముళ్ళూ, మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదటివాణ్ణి. మిషన్ ముట్టుకుంటే పాడవుతుందని మనల్ని దూరంగా నిలబెట్టిన రోజులున్నాయి. పాడైతే బాగుచేసే దారి ముందు చూసుకోండి, ఆ తరువాత ధైర్యంగా ముట్టుకోండి. ఈసారి తుఫాను వస్తే నాయనమ్మల ఊరి కబురు పంపేది మన హాస్టల్ పిల్లవాడే కావాలి.