బుజ్జిగాడి అప్పగింతలు

శుక్రవారం మధ్యాహ్నం. ఆఫీసులో రిలీజ్ కాల్ నడుస్తోంది. ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎత్తకముందే విషయం అర్థమైపోయింది.

"మీ కుక్క మా దగ్గరుందండీ. కంగారు పడకండి. మా పాప ఒళ్లో పడుకుని నిద్రపోతోంది" అంది అవతల ఎవరో ఆవిడ.

ఆ నెలలో అలాంటి ఫోన్ రావడం అది మూడోసారి.

మేముండేది లండన్‌కు పడమరగా ఉన్న రీడింగ్‌లో. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల పుణ్యమా అని మన తెలుగువాళ్లు బాగానే ఉన్న ఊరు. 2021లో, నేనూ మా ఆవిడా ఇద్దరం ఇంటి నుంచే పనిచేస్తున్న రోజుల్లో, మా అమ్మాయి పోరు పడలేక ఒక సంరక్షణ కేంద్రం నుంచి నాలుగేళ్ల టెర్రియర్‌ను తెచ్చుకున్నాం. సగం జాక్ రస్సెల్ జాతి, మిగతా సగం ఏమిటో ఎవరికీ తెలియదు. తెల్లటి ఒళ్లు, ఎడమ కంటి చుట్టూ గోధుమరంగు మచ్చ, ఒక చెవి నిక్కబొడుచుకుని, రెండోది వాలిపోయి ఉండేది. కాగితాల్లో పేరు బర్టీ. మా ఇంట్లో వారం తిరక్కుండానే బుజ్జిగాడయ్యాడు.

మరుసటి ఏడాది వేసవిలో మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. "కుక్క వంటింట్లోకి వస్తే నేను మంచినీళ్లు కూడా ముట్టను" అని మొదటి రోజే చెప్పేసింది. పదిహేను రోజులయ్యేసరికి ఆవిడ సోఫాలో కూర్చుని విష్ణు సహస్రనామం చదువుకుంటుంటే వాడు పాదాల మీద గడ్డం ఆనించి వినేవాడు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ కుక్కలకు పడవని చెప్పాక వాడి కోసం ఉప్పు కూడా వేయకుండా అన్నం వేరుగా వండేది. "అది" కాస్తా "వాడు" అయ్యాడు.

వాడి పుట్టుకే అంత

వాడితో ఉన్న చిక్కల్లా ఒక్కటే. సందు దొరికితే చాలు, వెళ్లిపోయేవాడు.

టెర్రియర్ అనే మాటలోనే భూమి ఉంది. ఫ్రెంచిలో 'తెర్' అంటే నేల. నక్కల వెంట, ఎలుకల వెంట కలుగుల్లోకి దూరడానికి మనుషులు తరతరాలుగా పెంచిన జాతి ఇది. జాక్ రస్సెల్ అన్న పేరు 1795లో పుట్టిన జాన్ రస్సెల్ అనే చర్చి పాస్టర్ నుంచి వచ్చింది. డెవన్ ప్రాంతంలో నక్కల వేటంటే పడిచచ్చే ఆ పాస్టర్ తన వేట కోసం ఈ చిన్న కుక్కల్ని తీర్చిదిద్దాడు. యజమాని కనిపించకపోయినా, మట్టి కింద చీకట్లో సొంత నిర్ణయాలు తీసుకునే కుక్క ఆయనకు కావాలి. రెండు వందల ఏళ్ల తర్వాత ఆ కుక్క మా పెరట్లో సొంత నిర్ణయాలు తీసుకుంటుంటే మేం గుండెలు బాదుకున్నాం.

మాది అద్దె ఇల్లు. ఇంటి ఓనరు కుక్కకు ఒప్పుకోవడమే ఎక్కువ. బతిమాలి కంచె అడుగున ఇనుప జాలీ లోపలివైపు వంచి పాతించాం. దాంతో పెరటి దారి మూసుకుపోయింది. వాడు వీధి తలుపు వైపు తిరిగాడు. పార్సిల్ తెచ్చిన కుర్రాడు బెల్ కొట్టడం, మేం తలుపు తీయడం, కాళ్ల సందులోంచి తెల్లటి మెరుపు వెళ్లిపోవడం. లోపల ఇంకో చిన్న గేటు పెట్టాం. దాన్ని మూయడం ఎవరో ఒకరం మర్చిపోయేవాళ్లం. శిక్షణ ఇప్పించాం. చికెన్ ముక్క చూపిస్తే ఇంట్లో పిలిచిన ప్రతిసారీ వచ్చేవాడు. బయట వాసన తగిలాక మా గొంతు వాడికి వినపడేది కాదు.

విచిత్రమేమిటంటే వాడు ఎక్కడా దాక్కునేవాడు కాదు. బడి గేటు దగ్గరో, పబ్బు ముందు బల్లల కిందో, ఎవరో ముసలాయన పక్కన బెంచీ మీదో దొరికేవాడు. మనిషి కనిపిస్తే చాలు, వెల్లకిలా పడుకుని పొట్ట చూపించేవాడు. మెడలో బిళ్ల మీద నా నంబరు ఉంటుంది కాబట్టి ఫోన్ వచ్చేది.

"తెనాల్లో మన వీధి కుక్క ఊరంతా తిరిగి అన్నం వేళకి రావట్లేదా? దీనికింత గొడవేంట్రా?" అనేది అమ్మ. ఆవిడ మాటా నిజమే. మన దగ్గర కుక్క బయటికెళ్తే తిరగడం అంటాం. ఇక్కడ అది తప్పిపోవడం. బయటికొచ్చే కుక్క మెడలో యజమాని పేరు, చిరునామా ఉన్న బిళ్ల ఉండాలి. ఇంగ్లండ్‌లో 2016 నుంచి ఎనిమిది వారాలు దాటిన ప్రతి కుక్కకూ మైక్రోచిప్ తప్పనిసరి, లేకపోతే 500 పౌండ్ల వరకు జరిమానా. ఒంటరిగా దొరికిన కుక్కను కౌన్సిల్ వాళ్లు ఏడు రోజులు ఉంచుతారు. ఆలోగా ఎవరూ రాకపోతే దానిమీద మనకు హక్కు పోయినట్టే. మైక్రోచిప్ ఉందిగా, ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తుందిగా అని మిత్రులు అడిగేవారు. కనిపించదు. అందులో ఉండేది ఒక సంఖ్య మాత్రమే. ఎవరో పట్టుకుని స్కాన్ చేస్తేనే మన వివరాలు తెలుస్తాయి.

నవంబరు 5, శనివారం

2022లో మా ఇద్దరికీ వారానికి మూడు రోజులు ఆఫీసు మొదలైంది. మధ్యాహ్నం వాడిని తిప్పడానికి మనిషిని పెట్టాం. అరగంట నడక వాడికి ఏ మూలకీ చాలేది కాదు. మిగతా సమయమంతా కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు చూసేవాడని పక్కింటావిడ చెప్పింది.

నవంబరు 5 ఇక్కడ బాణసంచా రాత్రి. నాలుగున్నరకే చీకటి పడింది. ఎక్కడో మొదటి బాంబు పేలింది. అదే క్షణంలో నేను చెత్తబుట్ట బయట పెడదామని తలుపు తీశాను. వాడు వెళ్లిపోయాడు. అయితే ఈసారి వాడి వెనకాలే మా అమ్మాయి పరిగెత్తింది. పదకొండేళ్ల పిల్ల. కాళ్లకు చెప్పుల్లేవు.

మా వీధి చివర నాలుగు వరుసల రోడ్డు. నేను చేరేసరికి బ్రేకుల చప్పుడు వినిపించింది. ఒక లారీ అడ్డంగా ఆగి, లైట్లు ఆర్పి వెలిగిస్తూ ఉంది. డ్రైవరు దిగి రెండు చేతులూ చాపి వెనక వాహనాలను ఆపుతున్నాడు. రోడ్డు మధ్యలో మా అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని వాడిని గుండెకు అదుముకుని ఉంది. వాడు ఆమె చెంప నాకుతున్నాడు.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. డ్రైవరు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఇంటికొచ్చాక అమ్మ అందరికీ దిష్టి తీసింది, వాడికి కూడా. ఆ రాత్రి మా ఆవిడ "ఏమండీ, వీడికి మన ఇల్లు సరిపోదు" అంది. నేను కాదనలేకపోయాను.

చెప్పాలా, దాచాలా?

తెచ్చుకున్న ప్రాణిని వదిలించుకుంటున్నామన్న మాట పైకి అనడానికి నోరు రాలేదు. "కుక్క జీవితకాలానికి, క్రిస్మస్‌కు మాత్రమే కాదు" అనే నినాదం ఈ దేశంలో 1978 నుంచి ఉంది. అది చూసినప్పుడల్లా నన్నే వేలెత్తి చూపుతున్నట్టుండేది.

ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. "అన్నా, ఆన్‌లైన్‌లో ఉచితం అని పెట్టు. పారిపోతాడని మాత్రం రాయకు, ఎవరూ తీసుకోరు." పెట్టాను. రాయలేదు. పది నిమిషాల్లో ఒకతను మెసేజ్ చేశాడు. గంటలో వచ్చి తీసుకెళ్తాడట. వయసెంత, ఏం తింటాడు, పిల్లలతో ఎలా ఉంటాడు... ఏమీ అడగలేదు.

"ఒక్క ప్రశ్న కూడా అడగని మనిషికి ఎలా ఇస్తామండీ?" అని మా ఆవిడ పాత ఫైలు తీసింది. దత్తత కాగితాల్లో రెండో పేజీలో స్పష్టంగా ఉంది: పెంచలేకపోతే కుక్కను వేరెవరికీ ఇవ్వకూడదు, తిరిగి సంస్థకే అప్పగించాలి. కింద నా సంతకం. సాఫ్ట్‌వేర్ వాళ్లం కదా, షరతులు చదవకుండా ఒప్పుకోవడం అలవాటు. ప్రకటన తీసేసి ఆ కేంద్రానికి ఫోన్ చేశాను. తిడతారనుకున్నాను. "ముందే చెప్పినందుకు సంతోషం" అన్నారు. కొత్త ఇల్లు దొరికేదాకా మా దగ్గరే ఉంచమని, ఒక ఫారం పంపారు.

అలవాట్లు అన్న గడి దగ్గర నా చెయ్యి ఆగింది. మా అమ్మాయి కలం తీసుకుంది. వాడిని ఇచ్చేస్తున్నామని చెప్పినప్పటి నుంచి అది నాతో సరిగా మాట్లాడటం లేదు. తల ఎత్తకుండా రాసింది: "తలుపు తెరిస్తే పరిగెడతాడు. కోపంతో కాదు, బయట ఎవరున్నారో చూడటానికి. జాలీ లేకపోతే కంచె కింద తవ్వుతాడు. బాణసంచా అంటే భయం. పొట్ట నిమిరితే ఎవరినైనా నమ్ముతాడు. అందుకే జాగ్రత్త."

అది చదివి రెండు కుటుంబాలు వెనక్కి తగ్గాయి. అమ్మ ఇండియా వెళ్లిపోయింది. చలికాలం సగం గడిచింది. నిజం రాసి తప్పు చేశామా అని నాకు అనిపించని రోజు లేదు.

ఫిబ్రవరిలో విల్ట్‌షైర్ పల్లె నుంచి ఒక జంట వచ్చారు. ఆయన రిటైరైన పోస్ట్‌మన్. "ముప్పై ఏళ్లు కుక్కల నుంచి నేను పరిగెత్తాను. ఇప్పుడు నా నుంచి పరిగెత్తే కుక్క దొరికింది" అని నవ్వారు. వాళ్ల ఇంటి చుట్టూ పాతకాలపు ఇటుక గోడ, వీధిలోకి రావాలంటే రెండు తలుపులు దాటాలి. ఇద్దరూ రోజంతా ఇంట్లోనే ఉంటారు. సంస్థవాళ్లు ముందే వెళ్లి అన్నీ చూసొచ్చారు. ఆ జంట గంటసేపు ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. ఎక్కువగా మా అమ్మాయినే అడిగారు.

వాడిని తీసుకెళ్లే రోజు అమ్మ వీడియో కాల్‌లో ఉంది. "ఇవి అప్పగింతలేరా నాన్నా. తప్పులుంటే కడుపులో పెట్టుకుని చూసుకోమని చెప్పు" అంది. ఆ మాటను ఇంగ్లిషులో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. ఏదో చెప్పాను. పోస్ట్‌మన్ భార్యకు అర్థమైనట్టే ఉంది, ఫోన్ వైపు చూసి చెయ్యి గుండెల మీద పెట్టుకుంది. అమ్మ కళ్లొత్తుకుంది.

మైక్రోచిప్ వివరాల్లో నా పేరు పోయి వాళ్ల పేరు వచ్చింది. మెడలో బిళ్ల మారింది. పాత బిళ్ల మా చెప్పుల స్టాండు పక్కన కొక్కేనికి వేలాడుతోంది. నెలకోసారి ఫొటో వస్తుంది. వేసవిలో ఒకసారి గోడ దగ్గర పేర్చిన కట్టెలెక్కి దూకేశాడట. చర్చిలో ముసలివాళ్లు టీ తాగుతుంటే మధ్యలో పొట్ట చూపిస్తూ దొరికాడట. ఇప్పుడు కట్టెలు అక్కడ లేవు. ఆ కబురు చదివి మా అమ్మాయి చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది, నాకు కూడా చదివి వినిపించింది.

కుక్కను తెచ్చుకోవాలనుకునే మనవాళ్లు నన్ను సలహా అడుగుతుంటారు. ఇంటి నుంచి పని ఉన్న రోజుల్ని చూసి కాదు, అది లేని రోజుల్ని తలచుకుని నిర్ణయించుకోమంటాను. కంచె చూసుకోమంటాను. సంతకం చేసే కాగితం రెండో పేజీ చదవమంటాను.

ఇప్పటికీ ఆఫీసులో తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే కాల్ మధ్యలోనైనా ఎత్తుతాను. ఎక్కువగా క్రెడిట్ కార్డుల వాళ్లే ఉంటారు.