మరపు వెనక... హార్మోను!

ఫ్రిజ్ తలుపు తీశాక ఎందుకు తీశారో గుర్తురాదు. బాగా తెలిసినావిడ పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. నలభై అయిదు దాటిన చాలామంది మహిళలకు ఇది అనుభవమే. ఇంట్లోవాళ్లు నవ్వేస్తారు. ఆవిడ మాత్రం పెద్ద జబ్బేదో మొదలైందని లోలోపల భయపడుతుంది. చాలాసార్లు దీనికి ఓ కారణం ఈస్ట్రోజెన్ హెచ్చుతగ్గులు.

ఈ హార్మోను పని నెలసరి, సంతానం వరకేనని ఒకప్పుడు అనుకునేవారు. కానీ దాన్ని అందుకునే రిసెప్టర్లు మెదడులోనూ ఉన్నాయి. కొత్త జ్ఞాపకాలకు పునాది వేసే హిప్పోక్యాంపస్‌లో కూడా! అక్కడి నాడీకణాల మీద సన్నటి ముళ్లలాంటి మొలకలుంటాయి. పక్క కణాలతో సంబంధాలు కలిపేవి అవే. 1990లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో కేథరిన్ వూలీ, బ్రూస్ మెక్‌ఈవెన్ బృందం ఆడ ఎలుకల్లో వీటిని లెక్కపెట్టింది. ఈస్ట్రోజెన్ పెరిగిన దశలో ఎక్కువగా ఉన్న మొలకలు, 24 గంటలు తిరిగేసరికి దాదాపు 30 శాతం తగ్గిపోయాయి!

మగవాళ్ల మెదడుకూ ఈస్ట్రోజెన్ కావాలి. టెస్టోస్టిరాన్ నుంచి దాన్ని తయారుచేసుకుంటుంది. ఆ నిల్వ నెమ్మదిగా తరుగుతుంది. ఆడవాళ్లలో మాత్రం మెనోపాజ్ సమయంలో కొద్ది ఏళ్లలోనే పడిపోతుంది.

ఊరటనిచ్చే సంగతీ ఉంది. అమెరికాలో 2,362 మంది మహిళలను నాలుగేళ్లు పరిశీలించి 2009లో ఫలితాలు ప్రకటించారు. నెలసరి ఆగిపోయే ముందు కాలంలో కొత్త విషయాలు నేర్చుకోవడం మందగించినా, పూర్తిగా ఆగిపోయాక మళ్లీ పుంజుకుంది. అలాగని జ్ఞాపకశక్తి కోసం సొంతంగా హార్మోను మాత్రలు వేసుకోవద్దు. 65 ఏళ్లు దాటాక ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి వాడినవారిలో డిమెన్షియా ముప్పు రెట్టింపైందని 2003లో తేలింది.

మన దగ్గర అసలు ఆలోచించాల్సింది ఆపరేషన్ల గురించి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతమైతే... ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దాంతోపాటు రెండు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. మెనోపాజ్‌కు ముందే అండాశయాలు తీయించుకున్నవారిలో తర్వాతి కాలంలో జ్ఞాపకశక్తి సమస్యలు, డిమెన్షియా ఎక్కువని 2007లో మేయో క్లినిక్ పరిశోధకులు గుర్తించారు.

అందుకే ఆపరేషన్ తప్పదంటే డాక్టరును రెండు ప్రశ్నలు అడగండి. అండాశయాలు ఉంచే వీలుందా? తీసేస్తే, మామూలుగా మెనోపాజ్ వచ్చే వయసు వరకు హార్మోను చికిత్స అవసరమా? సంతకం పెట్టే ముందే అడగాలి.